మందిరం వాకిట్లో డప్పు

డప్పు తెచ్చుకున్నందుకు ఒక ముసలాయనను ప్రార్థన మందిరం గడప దాటనియ్యలేదు. అది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

పందొమ్మిది వందల యాభైల చివర్లో తిరుమలగిరి నుంచి పనిమీద పాలమూరు పోయాను. ఆ రోజు అక్కడి క్రైస్తవులకు కోత పండుగ. లోపల హార్మోనియం మోగుతోంది. వాకిట్లో ఎల్లయ్య అనే ఆ ముసలాయన పాస్టరును బతిమాలుతున్నాడు. "నా మనుమనికి ఇయ్యాల పేరు పెడతాండ్రు అయ్యగారూ. దేవుని ముంగట జర కొట్టనియ్యుండ్రి."

"అది సావుకు కొట్టేది. ఇంట్ల పెట్టి రా" అన్నాడు పాస్టరు.

నాకు ఒళ్లు మండింది. బడి మెట్లెక్కకపోయినా గ్రంథాలయంలో దొరికిందల్లా చదివినవాణ్ణి. మధ్యలోకి పోయాను.

"బొట్టు పెట్టుకున్నోనివి, మా ఆరాధన సంగతి నీకేం ఎరుక?" అన్నాడు పాస్టరు.

"మీ హార్మోనియం మొన్న ఓడ దిగింది అయ్యగారూ. ఐగుప్తు గోడల బొమ్మల్ల ఆడోళ్ల చేతులల్ల ఉన్నది గిసొంటి డప్పే. గ్రీకుల గుళ్లల్ల మోగింది గిదే. మీ బైబిల్ల హెబ్రీయుల ఆడోళ్లు సముద్రం దాటినంక తోలు మీద దెబ్బేసుకుంటనే పాడిండ్రు. గా దేవుడు విన్నదాన్ని మీరెట్ల ఆపుతరు?" అన్నాను నేను.

పాస్టరు డప్పును వేలితో తట్టి చూశాడు, తోలు మెత్తబడి ఉంది. ఎల్లయ్య వైపు తిరిగాడు.

"గా మూలకు గడ్డి ఉన్నది మామా. మంటేసి తోలు కాపుకో. లోపలికొచ్చి నువ్వు దరువెయ్యి, గప్పుడే మేం పాటెత్తుకుంటం."