వేలిముద్ర పడని చేతులు

చేతుల తోలు పగలడం మొదలైన మొదటి చలికాలంలో నేను పెద్దగా పట్టించుకోలేదు. మాదాపూర్‌లో ఆఫీసు, కొండాపూర్‌లో కిరాయి ఇల్లు, పొద్దంతా ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునే పని. చలి పోతే పగుళ్లూ పోతాయనుకున్నాను. ఎండాకాలం వచ్చింది, పగుళ్లు పోలేదు. వేళ్ల సందుల్లో దురద. గోకితే సన్నటి పొక్కులు లేచేవి, అవి చితికి చెమ్మ కారేది, ఆరాక పొలుసులు రాలేవి. వేళ్ల కొసల మీద బ్లేడుతో గీసినట్టు చీలికలు. ఆవకాయ కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. దాంతో చెంచాతో తినడం మొదలుపెట్టాను. చెంచాతో ఎంత తిన్నా నాకు అన్నం తిన్నట్టుండదు. ఆ కోపంతోనే సగం కంచంలో వదిలేసి లేచేవాణ్ణి.

సలహాలకు కొదవ లేదు. మా అమ్మ మాతోనే ఉంటుంది, జనగామ వైపు మనిషి. ఆమె దృష్టిలో లోకంలోని చర్మరోగాలన్నిటికీ కొబ్బరినూనె ఒక్కటే మందు. నా భార్యది కాకినాడ. ఆమె గులాబీ వాసన వచ్చే లోషన్ ఒకటి తెచ్చింది. అది రాసుకోగానే చేతులు పెనం మీద పెట్టినట్టు మండాయి. ఆఫీసులో ఒకరు కలబంద అన్నారు, ఇంకొకరు వంకాయ మానెయ్యమన్నారు, మరొకరు అసలిదంతా టెన్షన్ వల్లేనని తేల్చి ధ్యానం చెయ్యమన్నారు. అన్నీ చేశాను. వంకాయ మానేసినందుకు ఇప్పటికీ బాధే. బాత్రూమ్ అరలో సగం వాడి వదిలేసిన సీసాలు పేరుకుపోయాయి.

ఆ రోజుల్లోనే మా బృందానికి కొత్త మేనేజర్ వచ్చాడు. వరసగా అందరితో చేతులు కలుపుతూ నా దగ్గరికి వచ్చాడు. చాచిన నా చేతిని చూశాడు. తన చేతిని అక్కడే ఆపి, రెండో చేయి కూడా కలిపి నమస్కారం పెట్టాడు. ఇది అంటుకునే జబ్బు కాదని చెబుదామని నేను నోరు తెరిచేలోగా పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

ఆవిడ నా చేతులు రెండు వైపులా తిప్పి చూసి, ఎగ్జిమా అన్నారు. పూర్తిగా పోతుందా అని అడిగాను.

"పోతుందని చెప్పలేనండి. అదుపులో ఉంటుంది. అది కూడా మీ ఓపికను బట్టే."

బాగా ఎర్రబడినప్పుడు కొద్దిరోజులు రాయడానికి ఒక ఆయింట్‌మెంట్ రాశారు. అసలు మందు మాత్రం లోషనే అన్నారు. వాసన ఉండకూడదు, చిక్కగా ఉండాలి. స్నానం చేశాక ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. చేతులు కడుక్కున్న ప్రతిసారీ మళ్లీ రాసుకోవాలి. తగ్గింది కదా అని మానకూడదు.

వినడానికి ఎంతో తేలికగా ఉంది. చేసినవాడికి తెలుస్తుంది. రాసుకుని కీబోర్డు ముట్టుకుంటే మీటలన్నీ జిడ్డు. ఫోను తెర మీద మరకలు. నా లాప్‌టాప్ తీసుకోవాల్సి వస్తే పక్క సీటు అమ్మాయి ముందుగా టిష్యూ కాగితంతో తుడుచుకునేది, అదీ నేను చూడట్లేదనుకుని. జిడ్డు ఎందుకని రాయడం మానేస్తే మీటింగు మధ్యలో దురద, బల్ల కింద చేతులు దాచుకుని గోక్కోవడం. కొంచెం నయమవగానే, ఇక చాలు, ఈ గోల వదిలింది అనుకుని సీసా మూత పెట్టేసేవాణ్ణి. మళ్లీ తిరగబెట్టేది. అప్పుడు లోషన్ మీద కోపం, డాక్టరు మీద కోపం, నా తోలు మీద నాకే అసహ్యం.

ఈ మధ్యలో నల్లగండ్లలో ఫ్లాట్ కుదిరింది. అమ్మేది రిటైరైన ప్రభుత్వోద్యోగి, సామాను సర్దుకుని విశాఖ వెళ్లిపోయే హడావుడిలో ఉన్నారు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే స్నానం చేసి, డాక్టరు చెప్పినట్టు లోషన్ దట్టంగా పట్టించుకుని, నేనూ నా భార్యా రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాం. మా వంతు వచ్చింది. ఫొటో దిగాను. వేలిముద్రల యంత్రం మీద బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. ఇంకో వేలు పెట్టాను. మళ్లీ ఎర్ర లైటే.

"వస్తలేదు సార్. చేతికి ఏదో జిడ్డున్నది. జర కడుక్కొని రాన్రి" అన్నాడు ఆపరేటర్.

అక్కడి కుళాయి దగ్గర సబ్బుతో రుద్ది రుద్ది కడిగాను. జిడ్డు పోయింది, దానితో పాటు వేళ్లు ఎండిపోయి చీలికలన్నీ తెల్లగా తేలాయి. ఈసారి యంత్రం అసలు వేలినే గుర్తించలేదు. లోషన్ రాస్తే జిడ్డంటుంది, రాయకపోతే గీతల్లేవంటుంది. పది వేళ్లూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టించాడు. వెనక క్యూలో జనం గొణగడం మొదలుపెట్టారు.

"సిమెంటు పని చేసేటోళ్లకు గిట్లనే అరిగిపోతయ్ సార్. మీరేమో కంప్యూటర్ పని అంటున్రు" అన్నాడతను, నా చేతుల వైపు వింతగా చూస్తూ.

వేరే దారి లేదా అని నా భార్య అడిగింది. వేలిముద్ర లేకుండా చెయ్యాలంటే పెద్దసారే ఒప్పుకోవాలట, ఆయన సెలవులో ఉన్నాడట. వేళ్లు బాగైనంక రమ్మన్నాడు. అమ్మే పెద్దాయన మొహం గంటుపెట్టుకుని, "ముందే చూసుకోవాలి కదండీ ఇలాంటివన్నీ" అన్నారు. ఏం చూసుకోవాలి? సొంత వేళ్లు తనవేనని ఒప్పించుకోవాల్సి వస్తుందని ఎవడనుకుంటాడు? బయటికొచ్చి కారెక్కాక, జేబులో ఉన్న చిన్న లోషన్ సీసాను కిటికీలోంచి విసిరెయ్యబోయాను. నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇంట్లో సంగతి విని అమ్మ తన మాటే మళ్లీ చెప్పింది. "గా సీసాలన్ని పారేయ్ బిడ్డా. కొబ్బరినూనె రాస్తె అదే పోతది. మా కాలంల గీ లోషన్లు ఎక్కడియి?"

"లోషన్ మానొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారండి అత్తయ్యగారూ. ఈసారి నాకు వదిలెయ్యండి" అంది నా భార్య.

అప్పట్నుంచి నా చేతులు ఆమె అధీనంలోకి వెళ్లాయి. రాత్రి గిన్నెలు తోమడం నా వంతుగా ఉండేది, అది మానిపించింది. ఘాటు సబ్బు తీసేసింది. నేను స్నానం చేసి రాగానే తువ్వాలు లాక్కుని, తడి ఆరకముందే సీసా చేతికిచ్చేది. పడుకునేముందు లోషన్ మీద నూలు గ్లౌజులు. చిన్నపిల్లాణ్ణి చేశావు నన్ను అని రోజూ విసుక్కునేవాణ్ణి. ఆమె పట్టించుకునేది కాదు. మెల్లగా చెమ్మ ఆగింది, పొలుసులు తగ్గాయి, చీలికలు పూడాయి. పెద్దాయన విశాఖ ప్రయాణం రెండుసార్లు వాయిదా వేసుకుని మా కోసం మళ్లీ సంతకానికి వచ్చారు. ఆ ముందు రాత్రే లోషన్ ఆపేశాను. కుడి చెయ్యి యంత్రానికి నచ్చలేదు కానీ ఎడమ బొటనవేలు పడింది. పచ్చ లైటు చూసి నాకు సంతోషం కలగలేదు, ఒళ్లంతా నీరసం వచ్చింది.

పాలు పొంగించే రోజున గడపకు పసుపు నన్నే రాయమంది అమ్మ. ముందు రోజంతా పాత ఇంట్లో సామాను అట్టపెట్టెల్లో సర్దడంతో రెండు వేళ్లు మళ్లీ చీలాయి. పసుపు తగలగానే భగ్గున మండింది, గిన్నె కింద పెట్టేశాను. నా భార్య వచ్చి గడపంతా తనే రాసింది.

"నీ కష్టంతోని కొన్న ఇల్లు. గడపకు నీ చెయ్యే పడకపాయె" అంది అమ్మ. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదు. అయినా నాకు ఎక్కడో గుచ్చుకుంది. బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

కాసేపటికి నా భార్య లోషన్ సీసా తీసుకుని వచ్చింది.

"ఎన్నాళ్లు ఇట్లా?" అన్నాను.

"ఉన్నన్నాళ్లూ. పళ్లు ఎన్నాళ్లు తోముకోవాలని అడుగుతామాండీ?"

ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా? తగ్గలేదు. రాసుకున్నాను. జిడ్డు చేతులతో తలుపు గొళ్లెం ముట్టుకోలేక, లోపల భోజనాలకు పిలుస్తున్నా, లోషన్ ఇంకేదాకా అక్కడే నిలబడ్డాను.