కొంగు లేని పెండ్లికూతురికి ఒడిబియ్యం

దగ్గరికి జరగండి, చాప మీద చోటుంది. మొన్న మనవరాలి కొంగులో పుట్టింటి తరఫున పోయడానికి బియ్యానికి పసుపు పట్టిస్తుంటే, ఎన్నడో మా ఇంట్లో సముద్రాల అవతలి రాజు బిడ్డకు పోసిన ఒడిబియ్యం యాదికొచ్చింది. నవ్వకండి, నిజంగానే పోశాం.

నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా రాని రోజులు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో చిన్న దవాఖానా ఉండేది. అందులో ఒక తెల్ల నర్సమ్మ. మా తమ్ముడు ఆమె చేతుల్లోనే పుట్టాడు, ఆనాటి నుంచి ఆమె మా ఇంటి మనిషి. మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, గిన్నెకు అద్ది కాల్చే సర్వపిండి రొట్టెను నర్సమ్మ అడుగు గీకి మరీ తినేది. మాట కూడా మన తీరే.

ఒకనాడు కళ్లు వాచి వచ్చింది. చేతిలో ఒక ఉత్తరం, ఒక పెండ్లి ఫొటో. పెండ్లికూతురు ఆమె దేశపు రాజు బిడ్డ. తల్లి లేని ఆ పిల్లను పదేళ్లు సాకింది నర్సమ్మే. పెండ్లికొడుకు ఇంకో దేశపు రాజు కొడుకు. ఇద్దరికీ దేశాలు పోయాయి. పెండ్లికి రమ్మన్న ఉత్తరం, పెండ్లయిపోయిన ఫొటో ఒకే రోజు చేరాయి.

"దేశం పోవుడేంది బిడ్డా, నీళ్లల్ల మునిగిందా?" అంది బాపమ్మ.

"లేదవ్వా, దేశం ఆడనే ఉన్నది. రాజునే ఎల్లగొట్టిన్రు."

"మా గడి దొరను ఊరోళ్లు ఎల్లగొట్టిన తీరన్నట్టు."

"గాయనకు పట్నంల బంగ్లా ఉన్నది. వీళ్లది కిరాయిల్లు. నా పిల్ల పుట్టింటోళ్లు తలో దిక్కు అయిన్రు, లగ్గానికి ఒక్కరు రాలే. నేను గూడ పోలే."

బాపమ్మ బియ్యం చాట ముందుకు లాక్కుంది. "లగ్గం అయితేంది, ఒడిబియ్యం ఎప్పుడన్న పొయ్యొచ్చు. సాకినదానివి, పుట్టిల్లు నువ్వే గద."

పీట మీద ఫొటో పెట్టారు. బాపమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గీ గౌనుకు కొంగే లేదు. బియ్యం ఏడ పడ్తయి?" చివరికి మా అవ్వను, అంటే మా అమ్మను, పక్కన కూర్చోబెట్టి, పిల్ల తరఫున కొంగు పట్టమంది. తీరా పోసే వేళకు నర్సమ్మ వెనక్కి జరిగింది.

"నాకు పెండ్లి గాలే అవ్వా. నేను పొయ్యొచ్చునా?"

ముత్తైదువలే పోయాలన్నది మా ఇంటి కట్టు. మొగుడు పోయాక బాపమ్మ తన సొంత బిడ్డలకే పోయలేదు. అలాంటి మనిషే, "సాకిన చెయ్యికి అడ్డేముంది? పొయ్యి," అంది.

ఐదు దోసిళ్లు పోసింది నర్సమ్మ, సగం బియ్యం నేల మీదే. ఏడుస్తూ నవ్వింది. అందులోంచి కొంత తీసి, రెండు ఎండు కొబ్బరి కుడుకలు పెట్టి, రవికగుడ్డలో కుట్టి టపాలో వేసింది. వానలు పోయాయి, చలి వచ్చింది, జవాబు లేదు. "పురుగుపట్టినయని పారేసిన్రేమో," అనేది ఇంటికొచ్చినప్పుడల్లా.

ఒక పొద్దున ఉత్తరం ఊపుకుంటూ వీధి అంతా నవ్వుతూ వచ్చింది. కుడుకలు గిన్నెలనుకుని వాటిలో ఉప్పు పోసి బల్ల మీద పెట్టారట. బియ్యాన్ని పాలల్లో వండారట. అత్తగారి వైపు చుట్టాలు, అందరూ దేశం పోయినవాళ్లే, తలా ఒక చెంచా తిని పచ్చటి నాలుకలు ఒకరికొకరు చూపించుకున్నారట. చివర పిల్ల రాసింది: "నాకూ పుట్టిల్లుందని ఇవాళ మా అత్తగారింట్లో అందరికీ తెలిసింది."

నర్సమ్మ ఆ మాటనే మళ్లీ మళ్లీ చదివింది. బాపమ్మ మాత్రం, "ఐదేండ్లకు మళ్ల ఒడిబియ్యం పోద్దాం. కుడుకలు తినేటియని రాయి జర," అంది.

ఏళ్లు రాజ్యాలనే మింగాయి, బాపమ్మనూ నర్సమ్మనూ మింగాయి. ఆ పూట నవ్వును మాత్రం ఇంకా అరిగించుకోలేకపోయాయి. విన్న మీ ఇంట పసుపు తడి ఆరకుండా ఉండాలి, మీ ఆడబిడ్డలు ఏ ఊళ్లో ఉన్నా వాళ్ల పేర ఒక దోసిలి ఎప్పుడూ నిండి ఉండాలి.