గంట పని

బడుల మీద పెత్తనం చేసే పెద్ద ఆఫీసర్లకు అంతంత జీతాలు దేనికని మా వీధి అరుగు మీద ఎవరో ఒకరు పేపరు చదివి అడుగుతూనే ఉంటారు. ఇంకొకరు లేచి, అంత బరువు మోసేవాడికి ఆ మాత్రం ఇవ్వొద్దా అంటారు. నాకు చదువు రాదు. సంతకం దాకా వచ్చు, అదీ వంకరగా. కానీ ఆ మాట చెవిన పడితే ఊరికే కూర్చోలేను. అందుకే చెబుతున్నాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. మధ్యలో తిట్టు వస్తే తిట్టుగానే రాయండి, దాన్ని కడిగి తుడిచి పెట్టొద్దు.

మాది ధర్మవరం. పుట్టింట్లో మగ్గం గుంట పక్కనే పాకి పెరిగాను. పెళ్లయి హిందూపురం వచ్చాను. నా మొగుడు అక్కడి హైస్కూల్లో అటెండరు. వరండా దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుండేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టేది ఆయనే. బడి పెట్టే గంట, పీరియడు గంట, ఇంటికి పంపే గంట, అన్నీ ఆయన చేతివే. అందుకని మా ఇంట్లో ఆ ఉద్యోగానికి ‘గంట పని’ అనే పేరు పడిపోయింది. చుట్టాలు వస్తే మా అత్త మెడ సాగదీసి, "మావానిది సర్కారు ఉద్యోగమప్పా, గంట పని" అనేది. చుట్టాలు కూడా అలాగే అనేవాళ్లు.

మా ఆయన కడుపునొప్పితో మూడు రోజులు మెలికలు తిరిగి పోయాడు. ముప్పై ఏళ్లు నిండలేదు. పిల్లలు లేరు. నేను, చూపు మందగించిన అత్త, ఇద్దరమే మిగిలాం. బడిలో హెడ్‌మాస్టరును మేము పెద్దయ్యవారు అనేవాళ్లం. ఆయన మంచివాడు. దినాలు అయ్యాక మా గడప దాకా వచ్చి, "వాని ఉద్యోగం నీకే రాయిస్తానమ్మా. పైనుంచి ఆర్డరు రావాల. అంతవరకూ కంటింజెంటు కింద చెయ్యి" అన్నాడు.

కంటింజెంటు అంటే ఏమిటని బడి గుమాస్తాను అడిగాను. ఆయన ముక్కుపొడి పీల్చుకుని నవ్వాడు.

"సుద్దముక్కలు, సిరా, చీపుర్లు, కుండలు కొంటాం చూడు, ఆ ఖర్చులో నువ్వూ ఒకటి. మాకిచ్చేది జీతం. నీకిచ్చేది జీతం గాదమ్మా, ఖర్చు."

ఆరోజు నాకూ నవ్వే వచ్చింది. ఖర్చయితే ఖర్చు, సంగటి ఉడికితే చాలనుకున్నాను.

నా పని ఇది. తెల్లారకముందే వెళ్లి గదులన్నీ ఊడ్చేదాన్ని. వెనుక వరుస గదులు మట్టి నేలవి, ఆదివారం వాటికి పేడ అలకాలి. బడి బావిలో నీళ్లు ఉప్పన. తాగే నీళ్లు రైలుగేటు అవతల మంచినీళ్ల బావి నుంచి మోయాలి. నెత్తిన ఒకటి, చంకన ఒకటి. ఎండాకాలంలో ఎన్ని తిరుగుళ్లు తిరిగేదాన్నో నాకే తెలియదు, తొట్టి నిండే దాకా తిరగడమే. ఆకు పసరు, బొగ్గుపొడి కలిపి నల్లబల్లలకు పూయాలి. సిరా కలపాలి. గడియారం చూడటం గుమాస్తా దగ్గరే నేర్చుకుని పొద్దంతా గంట కొట్టేదాన్ని. సాయంత్రం తాళాలు వేసి ఇల్లు చేరేసరికి దీపాల వేళ. అలా రెండేళ్లు చేశాను.

ఆ రెండేళ్లూ మా ఆయన చోటు ఖాళీగానే ఉంది. పెద్దయ్యవారు రాసిన కాగితాలు పెనుకొండ ఆఫీసుకు పోయి అక్కడే పడుకున్నాయి. చివరికి ఒక జవాబు వచ్చింది. బడుల ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి, ఇక్కడ ఒక మనిషికి దినమంతా పని ఉందో లేదో చూస్తాడట. ఉందని రాస్తే ఉద్యోగం నాది, నెలనెలా జీతం. లేదని రాస్తే ఆ చోటే తీసేస్తారు. నాకు, మా అత్తకు అన్నం ఆయన కలం మొన మీద ఉందన్నమాట.

ముందురోజు పెద్దయ్యవారు నన్ను పిలిచాడు. "ఆయన అడిగితే భయపడొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడు. నేను తల ఊపాను. పెద్దమనిషి ముందు వినయంగా ఉండమంటున్నాడని నాకు అర్థమైంది. నా మొహం, అదీ నాకు అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు పొద్దున రైలు బండికి దిగి జట్కాలో వచ్చాడు. తెల్లటి చొక్కా, చేతిలో తోలు సంచి. బొట్టు లేని దాన్ని ఎదురు రావద్దని గుమాస్తా నన్ను తలుపు చాటున నిలబెట్టాడు. అక్కడి నుంచి అన్నీ వినబడుతున్నాయి. కాఫీ తాగుతూ ఆయన తన కష్టం చెప్పుకున్నాడు. ఎన్ని బడులని చూడాలి, ఎన్ని కాగితాలని రాయాలి, నిద్ర లేదు, వేళకు భోజనం లేదు, పెళ్లాం పిల్లల ముఖం చూసి పది రోజులైంది, మాకిచ్చే జీతం ఈ చాకిరీకి ఏ మూలకు? చెబుతుంటే నాకే అయ్యో అనిపించింది. పెద్దయ్యవారు, "మీ భారం ఇంకెవరు మోస్తారు సార్" అన్నాడు.

తరువాత నన్ను పిలిచారు. ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి. మాట మెత్తన.

"ఏమ్మా, పని ఎలా ఉంది? బాగా కష్టమా?"

ఇంటికి వచ్చినవాడు కష్టమా అని అడిగితే మా వైపు ఆడది ఏమంటుంది? నలభై మందికి వండి వార్చినా, "ఏం చేసినాను, ఇంత సంగటి కెలికినాను" అంటుంది. నాకూ అదే వచ్చింది.

"యాడి కష్టం సామీ! ఊడ్సేది, నాలుగు బిందెలు తెచ్చేది, అదేమన్నా పనా? ఉండేదల్లా గంట పనే గదా."

పెద్దయ్యవారు గట్టిగా దగ్గాడు. సుద్దపొడి గొంతులో పడిందేమో, నీళ్లు తెద్దామా అనుకున్నాను. ఇన్‌స్పెక్టరు మాత్రం నా వంక సంతోషంగా చూశాడు. "ఇన్నేళ్ల సర్వీసులో ఇంత నిజాయితీగా చెప్పిన మనిషిని చూడలేదండీ" అని పెద్దయ్యవారితో అన్నాడు. సంచిలోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

నేను గాలిలో తేలుతూ ఇల్లు చేరాను. దొర కాఫీ తాగుతూ తన కష్టం చెప్పుకున్నది, నన్ను మెచ్చుకున్నది అన్నీ అత్తకు చెప్పాను. ఏమన్నావే అని అడిగింది. అన్న మాట అన్నట్టు చెప్పాను. ఆమె చేటలో రాళ్లు తడిమి ఏరడం ఆపేసింది.

"నీ నోట్లో మన్ను పడ! వాడేమన్నా మనింటికొచ్చిన వియ్యంకుడా మే, వినయాలు పోయేదానికి? వాడొచ్చిందే పని ఉండాదా లేదా అని. లేదని నువ్వే చెప్పి పంపితివి గదే!"

"నేను లేదని యాడంటి అత్తా?"

"మరేమంటివి? నడుము విరిగిపోతాది సామీ, మెడ పట్టుకుపోయింది సామీ అని ఏడ్సాల. ఆయప్ప ఏడ్సలా కాఫీ తాగుతా? ఆయప్పకు తెలుసు, యాడ ఏడ్సాలో."



మూడో రోజు పెద్దయ్యవారిని అడిగి, రైలెక్కి పెనుకొండకు పోయాను. స్టేషను నుంచి ఊళ్లోకి నడిచి, కొండ కింద ఆ ఆఫీసు వెతుక్కునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. తలుపు దగ్గర బంట్రోతు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నా కథ విని నుదురు కొట్టుకున్నాడు.

"ఏమక్కా, నీకు బుద్ధుందా? నన్ను సూడు. ఈ తలుపు తీసేది నా పని. దీనికి స్ప్రింగుండాది, తోస్తే అదే తెరుసుకుంటాది, అదే మూసుకుంటాది. అయినా సాయంత్రమైతే భుజాలు పడిపోయినాయి సార్ అని మూలుగుతా. పోయినేడు నాకు అసిస్టెంటును గూడా అడిగినా."

నవ్వు రాలేదు కానీ ఆ మాట ఇప్పటికీ మరువలేదు.

లోపల గుమాస్తా కాగితం తీసి నాకు తెలుగులో చెప్పాడు. "రోజుకు ఒక గంట పని మాత్రమే ఉందని, ఆ పని చేసే మనిషే స్వయంగా ఒప్పుకుంది. అటెండరు పోస్టు అవసరం లేదు. ఇదమ్మా ఉండేది."

నాకు ఒక్క క్షణం తెలియలేదు. తెలిశాక ఆ బల్ల మీదికి వంగాను.

"గంటసేపు అనలేదు సామీ! గంట పని అంటిని. గంట, బడి గంట, కొట్టే గంట! మా ఆయన పనికి మేము అట్లే అంటాం."

గుమాస్తా నవ్వాపుకోలేక పక్క బల్ల వాళ్లకు చెప్పాడు. వాళ్లూ నవ్వారు. అయినా జాలిపడి లోపలికి పంపాడు. ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. చెప్పమన్నాడు. నేను నా పనంతా చెప్పబోయాను. ఊడ్చడం చెప్పాను, నీళ్లు చెప్పాను, ఆపైన ఏమీ గుర్తు రాలేదు. పేడ అలకడం, బల్లలకు పసరు పూయడం, తాళాలు, అన్నీ నోటి దాకా వచ్చి జారిపోయాయి. నా పనికి నేను ఎప్పుడూ పేరు పెట్టుకోలేదు, పిలిస్తే ఎలా వస్తుంది? తడబడుతుంటే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"చూడమ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది నీ మాట. ఈ రోజు చెప్పేది ఎవరో నేర్పి పంపిన మాట. నిజం చెప్పినదానివి, నిజం మీదే ఉండు."

దండం పెట్టి బయటికి వచ్చేశాను. తలుపు నా వెనుక దానంతటదే మూసుకుంది.

నెల తిరగకముందే ఆర్డరు వచ్చింది. మా ఆయన చోటు తీసేశారు. నాకు కంటింజెంటు కింద రోజుకు గంట, దానికి తగిన డబ్బు. అదే తపాలాలో ఇంకో కాగితం వచ్చింది. పని భారం ఎక్కువైనందున పెనుకొండ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు కింద ఇంకొక ఆఫీసరును వేశారట, పెద్ద జీతం మీద.

"ఇది తీసి అది పెట్టినారా అయ్యవారూ?" అని అడిగాను.

పెద్దయ్యవారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "లేదమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు. పెద్ద జీతం ఇయ్యకపోతే అంత చదువు చదివినోడు ఈ ఎండల్లోకి ఎందుకొస్తాడు చెప్పు? తక్కువిస్తే చెయ్యి చాపుతాడు. నేను ఆ కుర్చీలో ఉన్నా నాకూ ఎక్కువే కావాలనిపిస్తాది."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు కూడా ఒక్క కానీ తినలేదు, కాఫీ తప్ప. ఆయనకు అంత జీతం తగునా అంటే నాకు తెలియదు. నేను ఆయన పని చూడలేదు. ఆయన నా పని చూడలేదు, అడిగి రాసుకున్నాడు. తొట్టి దగ్గరికి నాలుగడుగులు నడిచి ఉంటే, నిండి ఉన్న నీళ్లు ఎక్కడివని ఒక్క మాట అడిగి ఉంటే, నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. ఇవ్వండి, ఎంతైనా ఇవ్వండి. చూసినందుకు ఇవ్వండి. కుర్చీలో కూర్చుని విన్నందుకు అంత దేనికి?

ఒక వారం నేనూ మొండికేశాను. కాగితంలో గంట అని ఉంది కదా, గంట అయిపోగానే చీపురు అక్కడే పడేసి వచ్చాను. తొట్టి ఎండింది. పిల్లలు ఉప్పునీళ్లు తాగి ఉమ్ముతున్నారు. ఒక చిన్న పిల్ల మా గుడిసె దాకా వచ్చి, "అవ్వా, నీళ్లు" అంది. ముప్పై ఏళ్లు లేని దాన్ని, అవ్వా అంది. ఆ మరునాటి నుంచి మళ్లీ మోశాను, ఊరికే. ఏడాది మోశాను. ఆ ఏడాదిలోనే మా అత్త పోయింది. జబ్బు అని చెప్పడానికి ఏమీ లేదు. సంగటి నాకే పెట్టి తాను తిన్నానని చెప్పేది. చూపు ఆమెకు తగ్గింది కానీ, ఆమె కుండ వైపు చూడనిది నేను.

తాళాలు పెద్దయ్యవారి బల్ల మీద పెట్టి ధర్మవరం వచ్చేశాను. పట్టు కండెలు చుట్టే పనిలో చేరాను.

కొన్నేళ్లకు ఆ బడి గుమాస్తా తన కూతురి పెళ్లికి పట్టుచీర కొనడానికి మా వీధికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ముక్కుపొడి పీల్చుకుంటూ కూర్చున్నాడు. బడి ఎలా ఉందని అడిగాను.

"బాగుండాదమ్మా. నీళ్లకు ఇప్పుడు మనిషి లేదు. పిల్లోళ్లకే వంతులేసినాం, క్లాసుకొక దినం. ఇన్‌స్పెక్టరు దొర వచ్చి సూసి, శ్రమదానం అని రాసినాడు. అన్ని బడుల్లోనూ ఇట్లే చేయమన్నాడు. ఆయనకు ఈమధ్య ప్రమోషను గూడా వచ్చింది. ఇంగ జిల్లాకు పోతాడంట."

"రైలుగేటు అవతల బావి నుంచేనా?" అన్నాను.

"ఇంగ యాడుండాది మంచినీళ్లు? ఆడికే."

"గేటు కాడ బండ్లొస్తాయి గదప్పా. ఎవరన్నా నిలబడి సూస్తాండారా పిల్లోళ్లను?"

గుమాస్తా చీర అంచు వేళ్లతో తడుముతూ, "దానికెవరుండారమ్మా" అన్నాడు.