కార్డు మీద గులాబీ చుక్క

పోయిన వారం పాత సామాన్లు కొనే ఆయన బండి మా ఇంటి ముందు ఆపి, అటక మీదున్న పాత కంప్యూటర్ తీసుకుంటానన్నాడు. అది మా అటక మీద ఉన్నట్టు ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ అనుమానమే. మా ఇంటి నుంచి ఏ వస్తువైనా బయటికి పోయే ముందు ఒకసారి విప్పి చూడాలి, లోపల విలువైనది ఏమీ లేకుండా ఎవడూ ఊరికే అడగడు అనేది మా మామయ్య పెట్టిన నియమం. ఆయన పోయి ఎనిమిదేళ్లయినా నియమం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. బండాయనను అరుగు మీద కూర్చోబెట్టి, నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్క రేకు విప్పాను. దుమ్ము, సాలెగూళ్లు, వాటి వెనక అరచేయంత ఆకుపచ్చ కార్డు. మోడెం. ఫోన్ తీగె మీదుగా మా ఇంట్లోకి మొదటిసారి ఇంటర్నెట్ తెచ్చింది ఆ ముక్కే. దాన్ని చూడగానే, అప్పట్లో దాన్ని బిగించిన చాచా గుర్తొచ్చాడు. ఆ ఒక్క కార్డు ఊడదీశాను, ఇక వేరే స్క్రూ తిప్పబుద్ధి కాలేదు.

ముందు మామయ్య గురించి చెప్పాలి. మా ఆయన తండ్రి. ఇల్లందులో బొగ్గు లారీలు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. ఖాళీ లారీ తూచేటప్పుడు బరువు కోసం క్లీనర్ లోపల నక్కి కూర్చున్నాడా, టార్పాలిన్ కింద రాళ్లేమైనా ఉన్నాయా అని చూసీ చూసీ, ఆయన కళ్లకు మామూలు మనిషి అనేవాడు కనిపించడం మానేశాడు. రిటైరయ్యాక లారీలు లేవు, మేమున్నాం. అడవి పల్లె నుంచి ఒక కోయ ముసలమ్మ తేనె తెచ్చేది. కల్తీ అయితే వెలగదని, ఆయన దూది వత్తిని తేనెలో ముంచి వెలిగించేవాడు. వెలిగేది. అయినా తృప్తి లేక గ్లాసు నీళ్లలో చుక్క వేసి, అది అడుక్కి దిగేదాకా వంగి చూసేవాడు. ఒకరోజు ఆవిడ తట్ట ఎత్తుకుని, ఈ ఇంట్ల తేనె తినరు, కాలుస్తరు అని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కలేదు. ఇక రిపేరుకిచ్చే వస్తువులకైతే, లోపలి సామాను మార్చేస్తారేమోనని గుర్తు పెట్టాల్సిందే. అది మామయ్య ఒక్కడి జబ్బు కాదు, మా ఊరందరి అలవాటు. వాచీ ఇస్తే మూత లోపల సన్నని గీత, రేడియో ఇస్తే స్పీకర్ వెనక చుక్క. తిరిగొచ్చాక ఆ గుర్తు ఉందో లేదో చూసుకున్నాకే అన్నం తినేవాళ్లు.

ఆ రోజుల్లో నేను ఇంట్లో కూర్చుని పెళ్లికార్డులు, కరపత్రాలు టైపు చేసేదాన్ని. పూర్తయినవి ఫ్లాపీలో ఎక్కించుకుని ఖమ్మం బస్సెక్కేదాన్ని. అక్కడి ప్రెస్సు వాళ్లు, ఇక మ్యాటర్ మెయిల్‌లోనే పంపుతామని, నెట్ లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని చెప్పేశారు. మా ఆయన హైదరాబాద్ వెళ్లినప్పుడు డబ్బాలో మోడెం తెచ్చాడు. బిగించాల్సింది చాచా. వాళ్ల కుటుంబం తాతల నాటి నుంచీ మా ఊళ్లోనే ఉంది. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు, ఈయన రేడియోలు, టేప్‌రికార్డర్లు, టీవీలు. కాలం మారుతోందని ఖమ్మం పోయి కంప్యూటర్ పని కూడా నేర్చుకొచ్చాడు. ఊరంతా చాచా అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఆయన వచ్చే రోజు మధ్యాహ్నం మామయ్య డబ్బా తెరిచి కార్డు బయటికి తీశాడు. కింది అంచు పొడుగునా స్లాట్‌లోకి దిగే పళ్లు, బంగారు రంగులో. ఆయన చూపు అక్కడే ఆగింది. చాచా కొత్తది ఉంచుకుని పాతది పెట్టిపోతే మనకేం తెలుస్తుందన్నాడు. నా గోళ్ల రంగు తెమ్మన్నాడు. కార్డు మీద నంబరు అచ్చేసి ఉంది, డబ్బా మీదా అదే ఉంటుంది కదా మామయ్యా అన్నాను.

"నంబరు ఎవడైనా అంటిస్తడు. మన గుర్తు మనదే" అన్నాడు.

ఆయన చేయి వణికేది కాబట్టి గుర్తు నాచేత పెట్టించాడు. పైన పెడితే కనిపిస్తుందట, అలాంటి చుక్కే ఇంకోదాని మీదా పెట్టేస్తాడట. అందుకని ఆ బంగారు పళ్ల మీదే పెట్టాను. చిన్న చుక్కే అనుకున్నాను గానీ కుంచె తడి ఎక్కువై నాలుగైదు పళ్ల మీదికి పాకింది. ఖాళీ డబ్బాను మామయ్య సాక్ష్యం కింద తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

చాచా వచ్చి, పని మొదలుపెట్టే ముందు కిటికీ ఇనుప ఊచను ముట్టుకున్నాడు. ఎందుకని మామయ్య అడిగాడు. ఒంట్లో కరెంటు ఏమైనా ఉంటే దిగిపోతుంది సార్, కార్డుకు దెబ్బ తగలదు అని చెప్పాడు చాచా. మనిషి ఒంట్లో కరెంటేమిటన్నట్టు నా వైపు ఒక చూపు చూసి, మామయ్య కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. చాచా వెనకవైపు రేకు ముక్క తీసి, కార్డు అదిమి, స్క్రూ బిగించి, స్విచ్ వేశాడు. లోపల మోడెం ఉందన్న సంగతే కంప్యూటర్‌కు తెలియలేదు. స్లాట్ మార్చాడు. సీడీ మళ్లీ పెట్టాడు. గంటన్నర గడిచింది. ఎందుకు పనిచేయడం లేదో నాకు తట్టలేదు, నిజంగా తట్టలేదు. చివరికి ఆయన కార్డు ఊడదీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఒకసారి నావైపు కూడా చూశాడు. దుకాణానికి తీసుకెళ్లి రేపు తెస్తానన్నాడు.

మర్నాడు తెచ్చి పెడితే మొదటిసారికే పట్టుకుంది. ఫోన్ తీగె తగిలించగానే కీచుకీచుమని, గరగరమని ఇల్లంతా ఒకటే మోత. ఏమైంది చాచా అని అడిగాను. "ఏంలేదు బేటీ, పళ్లకు మురికి పట్టె. తుడిచిన" అన్నాడు. నా గోళ్ల రంగే పళ్లకు అడ్డుపడిందని అప్పుడు తట్టి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన గేటు దాటగానే మామయ్య అన్నీ ఆపించి, కార్డు విప్పించాడు. చుక్క లేదు.

మార్చేశాడని తేల్చేశాడు మామయ్య. తుడిచానన్నాడు కదా అన్నాను. "మురికి అన్నడు గాని, రంగు అన్నడా? ఏమెరగనోడైతే గిదేం రంగని అడగడా?" అన్నాడు. కాటా దగ్గర నలిగిన బుర్ర, దానికి ఎదురేముంటుంది? అంతకంటే పాడు సంగతి, అది నాకూ ఎక్కింది. అవును, ఎందుకు అడగలేదు? చక్కగా పనిచేస్తున్న మోడెం ముందు కూర్చుని, ఇది మాదేనా అని ఎన్నిసార్లు అనుకున్నానో. నెట్ తెగిన ప్రతిసారీ, కొత్తదైతే తెగేది కాదేమో అనిపించేది. మామయ్య బస్టాండు హోటల్లో చాయ్ తాగుతూ నలుగురికీ చెప్పాడు. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. కొందరు టీవీలు బస్సు మీద వేసుకుని ఖమ్మం మోసుకెళ్లడం మొదలుపెట్టారు. మేమూ చాచాను మళ్లీ పిలవలేదు. దారిలో ఎదురైతే, నెట్టు మంచిగ నడుస్తున్నదా బేటీ అని అడిగేవాడు. నడుస్తోందని చెప్పి, ఆగకుండా వెళ్లిపోయేదాన్ని.

పోయిన వారం ఆ కార్డు చేతిలో పట్టుకుని మామయ్య ట్రంకుపెట్టె తెరిచాను. డబ్బా ఎలా పెట్టాడో అలాగే ఉంది. కార్డు మీది నంబరు, డబ్బా మీది నంబరు పక్కపక్కన పెట్టి ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూశాను. రెండూ ఒకటే. చివరి పన్ను పక్కనున్న సన్నని సందులో గుడ్డకు అందని గులాబీ రంగు ఇంకా మిగిలే ఉంది. ఇన్నేళ్లూ సాక్ష్యం మా ఇంట్లోనే, మా తాళం కిందే ఉంది. నాకు చాలా సిగ్గేసింది. బండాయనకు ఇంకోసారి రమ్మని చెప్పి పంపేశాను.

చాచా ఇప్పుడు కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో ఒక మూల కుర్చీలో కూర్చుంటాడు. చూపు తగ్గింది, గొంతును బట్టి నన్ను గుర్తుపట్టాడు. కార్డు ఆయన చేతిలో పెట్టి, చుక్క సంగతి, డబ్బా సంగతి, హోటల్ మాటల సంగతి అన్నీ చెప్పాను. దారంతా అనుకుంటూ వెళ్లిన మాటలు వరస తప్పి ముక్కలుగా వచ్చాయి. ఆయన బొటనవేలితో పళ్లను తడుముతూ విన్నాడు.

"నాకు ఆ రోజే ఎరుకే బేటీ. నీ గోళ్లకు గదే రంగుండె" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఈ ఊళ్లో గుర్తు పెట్టనివాళ్లు ఎవరున్నారు, చూసీ చూడనట్టు తుడుచుకోవడమే మా పని అన్నాడు. చెబితే నేను సిగ్గుపడతానని ఊరుకున్నాడట. కొడుకుతో నాకు చాయ్ తెప్పించాడు. నేను గ్లాసు అందుకున్నాక, కార్డు తిరిగి నా చేతికిస్తూ మెల్లగా అన్నాడు: "గాని దారిల నువ్వు ఆగకపోతివి. గదే జర బాధైంది."

చాయ్ చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. మా ఇంటి నుంచి ఆ దుకాణానికి నడిస్తే ఐదు నిమిషాలు. నాకు ఇరవై ఏళ్లు పట్టింది.