గాలికొండ ఎత్తులో మొండికేసిన కారు

నొప్పులు పడుతున్న మా అక్కను అరకు నుంచి విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, గాలికొండ ఎత్తులో మా పాత విదేశీ కారు మొండికేసింది. దానికి గేర్లు వాటంతటవే పడాలి. ఎంత తొక్కినా ఇంజను అరుస్తోందే తప్ప గేరు పట్టడం లేదు.

ఎదురొచ్చిన అరకు బస్సు మావల్ల ఆగిపోయింది. ప్రయాణికులు దిగి కారును పక్కకు నెట్టి, తలా ఒక సలహా పడేశారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అంతలో కోళ్ళ బుట్టతో ఒక పెద్దాయన బస్సు దిగి వచ్చాడు.

“గేరుబాక్సులో నూనె సూసినారా బాబూ?”

“మూడుసార్లు చూశాను, నిండుగా ఉంది! నీకేం తెలుసు?” అని కసిరాను.

“అస్సాం తేయాకు తోటలో దొరకి ఇలాటి కారే తోలినాను. ఇంజను ఆపి సూసినారేటి? తిరుగుతుండగా సూడాల.”

నాచేత ఇంజను స్టార్ట్ చేయించి, నూనె కొలిచే పుల్లను తువ్వాలుతో తుడిచి ముంచాడు. కొసన మాత్రమే తడి. డిక్కీలోని ఎర్ర గేరు నూనె డబ్బా మొత్తం పోశాక కారు కదిలింది.

“బేగి ఎల్లండి బాబూ,” అన్నాడు.

అద్దంలో చూస్తే ఆయన బస్సు లేదు. ఎప్పుడు వెళ్ళిపోయిందో నేను గమనించనే లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని అరకు వైపు నడుస్తున్నాడు.

సాయంత్రానికి అక్కకు పాప పుట్టింది. ఆయన అప్పటికైనా ఇల్లు చేరాడో లేదో.