ప్రాణాపాయ సందర్భాలు మినహా

కౌన్సెలింగు నేర్చుకుంటున్న ఆ రోజుల్లో నేను ఎప్పుడు చూసినా అలసిపోయే ఉండేదాన్ని. నాట్లు వేసి వచ్చినవాళ్లకు నడుము నొప్పి పుట్టిందంటే అర్థముంది. కుర్చీలో కూర్చుని నలుగురి మాటలు విని వచ్చినదానికి ఒళ్లు నొప్పులేమిటో మా అమ్మకు అర్థమయ్యేది కాదు (నిజం చెప్పాలంటే నాకూ అయ్యేది కాదు). క్లాసులు నెల్లూరులో, ప్రాక్టీసేమో ఇందుకూరుపేటలో ఒక చిన్న ఆసుపత్రి వెనకగదిలో. మాకు వృత్తి నియమాలూ చట్టమూ చెప్పే ఆవిడను చాటుగా రూల్సు మేడమ్ అనేవాళ్లం. "వచ్చినవాళ్ల మాట మీ దగ్గరే ఉండాలి. ప్రాణం మీదికొస్తే మాత్రం దాచకూడదు. ఈ రెండో ముక్క వాళ్లు నోరు విప్పకముందే చెప్పెయ్యండి" అని ఆవిడ పదేపదే హెచ్చరించేది. మరిచిపోతానేమోనన్న భయంతో నేను దాన్ని బట్టీ పట్టాను. ఎవరు వచ్చి కూర్చున్నా గుక్క తిప్పుకోకుండా, "ప్రాణాపాయ సందర్భాలు మినహా మీరు వెల్లడించిన విషయములు గోప్యముగా ఉంచబడును" అని అప్పజెప్పేసి, చట్టం ముందు నా బాధ్యత తీరిపోయిందని ఊపిరి పీల్చుకునేదాన్ని.

అలా అప్పజెప్పించుకున్నవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు. (ఈ సంగతి రాసుకోవడానికి ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. "పేరు మాత్రం మంచిది పెట్టు మా" అన్నాడు. అసలు పేరే పెట్టకపోవడం క్షేమమనుకున్నాను.) వరి పండించే రైతు. భార్య పోయినప్పటి నుంచి నిద్ర లేదని డాక్టరు నా గదికి పంపాడు. నా వాక్యం వినగానే రెండు చేతులూ జోడించాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను.

ఆ వెంటనే తమ్ముణ్ని తిట్టడం మొదలుపెట్టాడు. "నా చేలో నీళ్లు నేను పెట్టుకోలేనా? తెల్లారేసరికి వాడే పోయి పెట్టేస్తాడు. కలుపు వాడే తీయిస్తాడు. నేను చచ్చినోడి కింద లెక్కా? వాడ్ని అడ్డంగా నరికేస్తా మా, చూస్తా ఉండు!" అన్నాడు. క్లాసులో చెప్పిన ప్రాణాపాయం నా ఎదురుగా, అదీ పంచె కట్టుకుని కూర్చుంది. "ఇప్పుడే వస్తా" అని బయటికి పరుగెత్తాను.

వరండాలో బల్ల మీద, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. ఎవరని అడిగితే, "లోపలుండేది మా అన్న మా. నా మోటారుసైకిల్ మీద తీసకొచ్చినా" అన్నాడు. నరకబడబోయే మనిషి అంత దగ్గరలో దొరుకుతాడనుకోలేదు. "మీరు... కొంచెం జాగ్రత్తగా ఉండండి" అనేశాను. "దేనికి మా?" అన్నాడాయన. నేను ఆసుపత్రి మూలకు పోయి మేడమ్‌కు ఫోను చేశాను.

"ఎప్పుడు నరుకుతాడట? దేంతో? నిజంగా అనుకుంటున్నాడా, కోపంలో అన్నాడా? అడిగావా?"

"లేదు మేడమ్."

"ఆయన్ని ఒంటరిగా వదిలి నాకు ఫోనా? లోపలికెళ్లి అడుగు. తన ప్రాణం సంగతి కూడా అడుగు. డొంకతిరుగుడు లేకుండా అడుగు."

వెళ్లి అడిగాను. పెద్దాయన నన్ను వింతగా చూశాడు. "వాడ్ని నరికితే నాకు అన్నం ఎవురు తెస్తారు మా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది. అడగమన్నారు కాబట్టి రెండోదీ అడిగాను. "మీకు చచ్చిపోవాలనిపిస్తోందా, పెద్దాయనా?"

ఆయన తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. చివరికి, "అనిపిస్తా ఉండాది" అన్నాడు. "ఇంతవరకు నన్నెవురూ అడగలా. తమ్ముడికి చెప్పబాకు."

"చెప్పక తప్పదు."

"ఎవురికీ చెప్పనంటివే!"

"మొదట్లో అన్నాను కదా, ప్రాణాపాయ సందర్భాలు మినహా అని..."

"అదా! ఏదో మంత్రమనుకుంటి మా. అందుకే గదా దండం పెట్టుకుంటి."

నాలుగేళ్లయినా ఆ మాట తలచుకుంటే చెవులు వేడెక్కుతాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈసారి మామూలు తెలుగులో చెప్పాను. మీరు బతికుండటం నాకు ముఖ్యం, ఈ ఒక్కదాన్ని దాచుకోలేను, మిగతావన్నీ నా దగ్గరే ఉంటాయి, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అన్నాను. "నువ్వు పక్కన కూచో. నేనే చెప్తా" అన్నాడు.

తమ్ముడొచ్చాడు. పెద్దాయన ఆయన మొహం చూడకుండా, గోడ వైపు తిరిగి నాలుగు ముక్కల్లో చెప్పాడు. తమ్ముడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూలబడి అన్న మోకాళ్లు పట్టుకున్నాడు. "వదిన పోయినాక నువ్వు చేలోకి పోతే ఏమైపోతావో అని గదన్నా నేను ముందు పోయేది! పురుగుమందు డబ్బాలన్నీ ఇయ్యాలే మా ఇంటికి తీసకపోతా. రాత్రికి నీ పక్కనే పండుకుంటా."

"వాడు గురక పెడతాడు మా" అని పెద్దాయన నాకు ఫిర్యాదు చేశాడు, కళ్లు తుడుచుకుంటూనే.

నేను మళ్లీ ఫోను చేసి సంగతి చెప్పగానే మేడమ్ అక్కడ మాట్లాడి ఉంచడంతో అన్నదమ్ములు అటునుంచి అటే నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లారు. మందులు పనిచేయడానికి సమయం పట్టింది. పెద్దాయన నా దగ్గరికీ వస్తూనే ఉన్నాడు. పంట కోతకొచ్చే వేళకు, తన చేలో నీళ్లు తనే పెట్టుకుంటున్నానని గొప్పగా చెప్పాడు.

ఆ మొదటి రోజు సాయంత్రం మాత్రం, ఆయన ఏమన్నాడో నేనేం చేశానో మొత్తం ఫోనులోనే చెప్పి రాయించి సంతకం పెట్టించాకే మేడమ్ నన్ను వదిలింది. కాళ్లీడ్చుకుంటూ బస్సెక్కి కిటికీకి తల ఆనించాను. పక్క సీట్లో ఒకావిడ, "ఏం పని మా, అంత అలిసిపోయినావు?" అంది. మాటలు వినే పని అన్నాను. "అదీ ఒక పనేనా! పొద్దస్తమానం మా అత్త మాటలు నేను వినడం లా?" అని, అత్తను మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను బస్సెక్కగానే కళ్లు మూసుకుంటాను, నిద్ర రాకపోయినా. నాలుగేళ్ల కిందటి ఆ పిల్లకు అంత తెలివి లేదు పాపం, నెల్లూరు దాకా ఊ కొడుతూనే ఉంది.