గెలిచే వరుసను కదిపిన ఎమెట్

బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఎమెట్ స్ట్రౌడ్ పని. ఆదివారాలు గని బేస్‌బాల్ జట్టుకు మేనేజరు. ఆ వేసవిలో జట్టు ఓటమి ఎరగదు. గెలుస్తున్నన్నాళ్ళు వాళ్ళు మేజోళ్ళు కూడా ఉతకరు. ఇక బ్యాటింగ్ వరుస జోలికి పోవడమంటే పాపమే.

నాలుగో బ్యాటరు రోస్కో ప్రూట్ దున్నపోతులాంటి మనిషి. మే నెలలో గనిలో రాయి ఊడిపడి అతని ఎడమ కణత చీల్చింది. కుట్లతోనే ఆటకొచ్చాడు. అప్పట్నుంచి అతని బ్యాటుకు గాలి తప్ప ఏదీ తగల్లేదు. మిగతావాళ్ళు బాదుతున్నారు కనుక ఎవరూ పట్టించుకోలేదు. కిందటి ఆదివారం బంతి సూటిగా మొహం మీదికొస్తే రోస్కో తల తిప్పలేదు. టోపీ ఎగిరిపోయింది. అది ఎమెట్ ఒక్కడే గమనించాడు.

తరువాతి ఆటకు ముందు, బట్టలు మార్చుకునే కొట్టంలో చెప్పేశాడు.

"రోస్కో, ఇవాళ నువ్వు ఆడట్లేదు. నీ కిందోళ్ళంతా ఒక్కో మెట్టు పైకి జరుగుతారు."

"ఏం కూశావ్?"

"నీ ఎడం కన్ను పోయిందిరా. ఇంకో బంతి తగిలితే తలకాయే పోద్ది."

"గెలిచే గుర్రానికి కళ్ళెం మారుస్తావా, ముసలోడా?" అన్నాడు జట్టులోనే ఆడే లైల్ బోగ్స్. జట్టు గెలుపుమీద పందెం కాసినవాళ్ళు సగంమంది అతని చుట్టాలే.

ఎమెట్ రోస్కో ఎడమవైపుకి వెళ్ళి, అతని చెవి పక్కదాకా పిడికిలి విసిరి ఆపాడు. రోస్కో రెప్ప కొట్టలేదు. అందరూ చూశారు. అందరూ చూశారని రోస్కోకీ తెలిసింది. గిర్రున తిరిగి ఎమెట్ దవడ పగలగొట్టాడు.

ఎమెట్ రక్తం ఉమ్మి, గుడ్డతో దవడ కట్టుకుని, కొత్త వరుసతోనే జట్టును దింపాడు. ఓడిపోయారు.

జనం తడికె తోసుకుని మైదానంలోకొచ్చారు. సీసాలు, రాళ్ళు. లైల్ బ్యాటెత్తి ఎమెట్ మోచేతిమీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. రెండో దెబ్బ నెత్తిమీద పడేదే. రోస్కో వచ్చి లైల్‌ని మెడపట్టి నేలకేసి బాదాడు. "ఆణ్ణి కొట్టాలంటే నేను కొట్టాలి, మీరెవర్రా?" అని అరిచాడు. ఎమెట్‌కి అడ్డంగా నిలబడి, ఎడమవైపునుంచి వచ్చే దెబ్బలు కనపడక అన్నీ తిన్నాడు. స్పృహ తప్పి ఒరిగిపోయేదాకా ఎమెట్ ముందునుంచి కదల్లేదు.

లైల్ మేనేజరయ్యాడు. రోస్కో చోట తన తమ్ముణ్ణి పెట్టి, పాత వరుసే నిలిపాడు. ఆపై ఆటా ఓడారు.

ఎమెట్ చెయ్యి మళ్ళీ సాగలేదు. దుంగలెత్తలేక గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే గదిలో పనికి చేరాడు. రోస్కో గని వదిలి బావమరిది పొలానికి పోయాడు. చలికాలానికి ముందు బంగాళదుంపల మూటతో ఎమెట్ గడపెక్కాడు.

"దవడెట్టా ఉంది?"

"మొక్కజొన్న కంకి కొరకలేను."

"అయితే ఇయ్యి ఉడకేసుకో."

ఎమెట్ నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకుని, లోపలికి రమ్మని తలుపు వారగా తప్పుకున్నాడు.